పైకెత్తి తీసిన ఫొటోలో భవనం వెనక్కి వాలుతోంది, సరిచేస్తే ఆకారం మారిపోతోంది

వెలుగునీడ
అందరికీ నమస్కారం. పాత భవనాల ముఖభాగాలు ఫొటోలు తీసి దాచిపెట్టే పని ఒకటి చేస్తున్నాను. కూలిపోయాకో రంగులు మారిపోయాకో ఎవరైనా చూస్తే అసలు కొలతలు అర్థమయ్యేలా ఉండాలని కోరిక. ఎదురుగా నిలబడి కెమెరా కాస్త పైకెత్తి తీస్తే గోడలు రెండూ పైకి వెళ్లేకొద్దీ దగ్గరకొస్తున్నాయి, భవనం మొత్తం వెనక్కి పడిపోతున్నట్టు ఉంటోంది. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో మూలలు లాగి నిలువు గీతలు నిటారుగా చేస్తున్నాను, అంతవరకు బాగానే వస్తోంది. కానీ తర్వాత చూస్తే ఒక భవనం పొట్టిగా వెడల్పుగా, ఇంకొకటి సన్నగా పొడుగ్గా తేలుతోంది. ఒకదాని నెత్తిన గుండ్రటి గడియారం ఉంది, అది కోడిగుడ్డులా వచ్చింది. గీతలు నిటారుగానే ఉన్నాయి కదా, మరి ఆకారం ఎందుకు చెడుతోంది? అసలు కొలతల నిష్పత్తి రావాలంటే ఏం చేయాలి? కెమెరాకి 24 మి.మీ. లెన్స్ వాడుతున్నాను, ఫుల్ ఫ్రేమ్ (బొమ్మ పడే పలక, అంటే సెన్సర్, పాత 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమ్ అంత ఉన్నది).

పాతలెన్సు
మంచి పని చేస్తున్నారు. ముందు ఒక సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దీన్ని చాలామంది లెన్స్ లోపం అనుకుని ఖరీదైన లెన్స్ కొంటే పోతుందనుకుంటారు. పోదు. గోడలు దగ్గరకు రావడానికి కారణం సెన్సర్ గోడకి సమాంతరంగా లేకపోవడం, అంతే. కెమెరా పైకెత్తగానే భవనం పైభాగం సెన్సర్‌కి దూరమవుతుంది, అడుగు దగ్గరవుతుంది, దూరంగా ఉన్నది చిన్నగా పడుతుంది. ఎంత గొప్ప లెన్స్ అయినా ఇదే జరుగుతుంది.

లెన్స్ వల్ల వచ్చేది వేరే ఉంది. అంచుల దగ్గర తిన్నని గోడ పీపాలా బయటికి ఉబ్బడమో లోపలికి నొక్కుకుపోవడమో, అది లెన్స్ పని. ఈ రెండిటినీ కలిపి ఒకే టూల్‌తో సరిచేయాలని చూస్తే ఎప్పటికీ కుదరదు. పర్‌స్పెక్టివ్ టూల్ తిన్నని గీతను తిన్నని గీతగానే ఉంచుతుంది, వంగిన గీతను వంగిన గీతగానే ఉంచుతుంది. కాబట్టి ముందు లెన్స్ ప్రొఫైల్‌తో (ఆ లెన్స్ వంపు ఎంతో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే సమాచారం) ఉబ్బు తీసేయాలి, ఆ తర్వాతే వాలు.

పాత రోజుల్లో ఆర్కిటెక్చర్ ఫొటోగ్రాఫర్లు పెద్ద వ్యూ కెమెరాలు వాడేవారు. వెనక ఫిల్మ్ పలకను నిటారుగా ఉంచి ముందున్న లెన్స్‌ను మాత్రం పైకి జరిపేవారు, దాంతో కెమెరా ఎత్తకుండానే భవనం పైభాగం ఫ్రేమ్‌లోకి వచ్చేది. 35 మి.మీ. ఫిల్మ్ వాడే చిన్న కెమెరాలకి ఆ సౌకర్యం తెచ్చినవి షిఫ్ట్ లెన్సులు. నికాన్ 1960ల మొదట్లో ఒకటి తెచ్చింది, కెనాన్ 1973లో టిల్ట్ (లెన్స్‌ను వంచడం), షిఫ్ట్ (పక్కకో పైకో జరపడం) రెండూ ఉన్న 35 మి.మీ. లెన్స్ తెచ్చింది, 2009లో 17 మి.మీ.ది కూడా వచ్చింది. ఇప్పుడు మనం కంప్యూటర్‌లో చేసేది ఆ పనినే, కాకపోతే తీశాక చేస్తున్నాం.

నాలుగుమూలలు
గింప్‌లో మీ గడియారం ఎందుకు గుడ్డయిందో నేను చెప్పగలను, ఇందులో చాలామంది ఇరుక్కుంటారు.

పర్‌స్పెక్టివ్ టూల్ ఆప్షన్లలో డైరెక్షన్ అని ఉంటుంది, నార్మల్, కరెక్టివ్ అని రెండు. కరెక్టివ్‌లో పెడితే ఫొటో మీద వచ్చే గళ్ళ వల మూలలు పట్టుకుని భవనం గీతల వెంట సర్దుతాం, ట్రాన్స్‌ఫామ్ నొక్కగానే ఆ వల నిటారైన దీర్ఘచతురస్రంగా మారుతుంది, దాంతోపాటు ఫొటో కూడా. ఇక్కడే కిటుకు. ఆ దీర్ఘచతురస్రం ఏ కొలతల్లో ఉండాలో టూల్‌కి ఎలా తెలుస్తుంది? తెలియదు. అది మీ లేయర్ (ఇక్కడ మొత్తం ఫొటో) కొలతలనే తీసుకుంటుంది. అంటే మీరు వల నాలుగు మూలలను సరిగ్గా భవనం నాలుగు మూలల మీద పెట్టారనుకోండి, భవనం అసలు ఆకారం ఏదైనా సరే, వచ్చే ఫలితం మీ ఫొటో ఫ్రేమ్ నిష్పత్తిలోనే ఉంటుంది. 3:2 ఫొటో అడ్డంగా తీస్తే చతురస్రం లాంటి భవనం కూడా 3:2కి సాగుతుంది. మీకు పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి వచ్చాయన్నారు కదా, అడ్డంగా తీసినది పొట్టిగా, నిలువుగా తీసినది పొడుగ్గా వచ్చి ఉంటుంది, చూసుకోండి.

నేను చేసే పద్ధతి ఇది. వలను భవనం మూలల దాకా కుదించను. వల దాదాపు ఫొటో అంత పెద్దగానే ఉంచి పై రెండు మూలలను మాత్రం లోపలికి జరుపుతాను, పక్క గీతలు భవనం అంచులకి సమాంతరంగా వచ్చేదాకా. గైడ్స్‌లో గీతల సంఖ్య పెంచుకుంటే మధ్యలో ఉన్న కిటికీల అంచులతో కూడా పోల్చుకోవచ్చు. క్లిప్పింగ్ అడ్జస్ట్‌లో పెడితే బయటికి సాగిన భాగం తెగిపోదు. ఇలా చేస్తే ఆకారం మరీ దారుణంగా చెడదు. కానీ పూర్తిగా సరిగ్గా కూడా ఉండదు, ఎత్తు కాస్త తగ్గి ఉంటుంది, దాన్ని స్కేల్ టూల్‌తో నిలువుగా సాగదీయాలి. గొలుసు గుర్తు విప్పి ఎత్తు మాత్రమే పెంచండి.

వెలుగునీడ
అవునండీ, సరిగ్గా మీరు చెప్పినట్టే! అడ్డంగా తీసినది పొట్టిగా, నిలువుగా తీసినది పొడుగ్గా. ఇన్నాళ్లూ ఈ రెండిటికీ సంబంధం ఉందని తట్టలేదు. వల పెద్దగా ఉంచి చేశాను, చాలా నయం. కానీ ఎత్తు ఎంత పెంచాలి? కంటికి బాగుంది అనిపించేదాకా పెంచితే నాకు నమ్మకం కుదరడం లేదు. కొలతలు అర్థం కావాలని కదా ఈ తిప్పలన్నీ.

నాలుగుమూలలు
గడియారం ఉందన్నారుగా, అదే మీ స్కేలు. గోడకి ఆనుకుని గోడ తలంలోనే ఉన్న వృత్తం ఏదైనా, సరిచేశాక వృత్తంగానే ఉండాలి. ఎలిప్స్ సెలెక్ట్ టూల్‌లో ఫిక్స్‌డ్ ఆస్పెక్ట్ రేషియో 1:1 పెట్టి గడియారం మీద సెలెక్షన్ గీయండి. పైనా కిందా గడియారం తక్కువ పడితే ఎత్తు ఇంకా పెంచాలి, మించితే తగ్గించాలి. సెలెక్షన్ వెడల్పు, గడియారం ఎత్తు పిక్సెళ్లలో చూసుకుంటే ఎంత శాతం పెంచాలో నేరుగా తెలిసిపోతుంది, ఊహతో పని లేదు.

వృత్తం లేని భవనాలకి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. నేలమీద ఉన్న తలుపు ఎత్తూ వెడల్పూ కొలిస్తే చాలు, కాకపోతే తలుపు గోడలో లోతుగా ఉంటే దాని చట్రం కాకుండా గోడ అంచు కొలవండి. తలుపు నిష్పత్తి సరిపోయిందంటే ఆ తలం మొత్తం సరిపోయినట్టే.

లెక్కలదారి
పైన చెప్పినవన్నీ సరే. కానీ కొలత లేకుండా కూడా సరైన నిష్పత్తి రాబట్టవచ్చు, దానికి సాఫ్ట్‌వేర్‌కి రెండు విషయాలు తెలియాలి: ఫోకల్ లెంగ్త్ (24 మి.మీ. లాంటి లెన్స్ అంకె, సెన్సర్ సైజుతో కలిపి), ఫొటో అసలు కేంద్రం ఎక్కడుందన్నది. ఈ రెండూ తెలిస్తే కెమెరా ఎన్ని డిగ్రీలు ఎత్తారో నిలువు గీతల వాలును బట్టి లెక్క తేలుతుంది, ఆ కోణం తేలితే ఎత్తు ఎంత సాగాలో కూడా తేలుతుంది. గింప్ టూల్‌కి ఈ సంగతులు తెలియవు, మీరు నాలుగు మూలలిస్తే అది నాలుగు మూలలు కలుపుతుంది.

డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్‌లో (కెమెరా దాచే ముడి ఫైళ్లు, అంటే రా ఫైళ్లు ఎడిట్ చేసేది) రొటేట్ అండ్ పర్‌స్పెక్టివ్ మాడ్యూల్ ఈ లెక్క వేస్తుంది. అందులో లెన్స్ మోడల్ జెనెరిక్ అని ఉంటే 28 మి.మీ. ఫుల్ ఫ్రేమ్ అనుకుని లెక్క కడుతుంది, మీరు స్పెసిఫిక్‌లో పెట్టి 24 ఇవ్వండి. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ రాథెరపీలో 5.9 నుంచి కెమెరా ఆధారిత పద్ధతి ఒకటి ఉంది, అదీ ఇదే తోవ.

ఇందులోంచి ఒక హెచ్చరిక. సరిచేయడానికి ముందు ఫొటోను క్రాప్ చేసి సేవ్ చేయకండి! క్రాప్ చేశాక ఫొటో మధ్యభాగం అసలు లెన్స్ కేంద్రం కాదు, సాఫ్ట్‌వేర్ మాత్రం అదే కేంద్రమనుకుంటుంది, నిష్పత్తి తప్పుతుంది. అసలు ఫైలు మీదే పని చేయండి.

ఇక దీని ఖర్చు ఎంతో ఒకసారి లెక్క చూడండి. 24 మి.మీ. ఫుల్ ఫ్రేమ్, కెమెరా నిలువుగా పట్టుకుని 20 డిగ్రీలు పైకెత్తారనుకుందాం. ఫ్రేమ్ పై అంచు కంటిమట్టానికి దాదాపు 57 డిగ్రీల పైకి చూస్తుంది, కింది అంచు 17 డిగ్రీల కిందికి. ఒకే వెడల్పున్న గోడ ఫ్రేమ్ అడుగున ఎంత వెడల్పుగా పడుతుందో పై అంచున అందులో 57 శాతమే పడుతుంది (కోణం 57, ఇదీ 57, యాదృచ్ఛికమే). అంటే అడుగుతో పోలిస్తే పైభాగాన్ని అడ్డంగా ఒకటీ ముప్పావు రెట్లు సాగదీయాలి. నిలువుగా ఇంకా ఎక్కువ, సుమారు మూడు రెట్లు. రెండూ కలిపితే అక్కడి ఒక్కో పిక్సెల్ ఐదు పిక్సెళ్లకి పైగా చోటు నింపాలి. భవనం నెత్తిన ఉన్న నగిషీలు సరిచేశాక మెత్తగా, మసకగా కనిపించడానికి కారణం ఇదే. పదును పెంచే స్లైడర్ ఎంత లాగినా లేని వివరం రాదు.

ఫోన్‌కంటిచూపు
ఇంత లెక్క అవసరమా అనిపించేవాళ్లకి ఫోన్లో కూడా దారి ఉంది. స్నాప్‌సీడ్‌లో పర్‌స్పెక్టివ్ అనే టూల్, టిల్ట్‌లో వేలు పైకీ కిందికీ జరిపితే చాలు. అంచుల్లో ఖాళీ వస్తే తెలుపు, నలుపు, లేదా చుట్టుపక్కల రంగుతో నింపమని అడగొచ్చు. ఇంట్లోవాళ్లకి పంపే ఫొటోకి ఇది చాలు, కొలతల పనికి మాత్రం వద్దు.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరు. తీసేటప్పుడే కెమెరా ఎత్తకండి. ఫోన్ నిలువుగా పట్టుకుని అల్ట్రా వైడ్‌కి మార్చి, గ్రిడ్ ఆన్ చేసి, ఫోన్ నిటారుగా ఉంచి తీయండి. సగం ఫొటో నేలే వస్తుంది, పర్లేదు, ఆ నేలను తర్వాత కోసేయండి. గోడలు తిన్నగానే ఉంటాయి, సరిచేసే పనే ఉండదు.

లెక్కలదారి
ఈ మాటని నేను గట్టిగా సమర్థిస్తున్నాను. లెన్స్ పైకి జరిపే పాత పద్ధతికి ఇది సరిగ్గా సమానం, పెద్ద ఫ్రేమ్ తీసి అందులో పైసగం వాడుకోవడం. 24 మి.మీ. నిలువుగా, ఎత్తకుండా పట్టుకుంటే కెమెరా ఎత్తుకి పైన కనిపించేది దూరంలో ముప్పావు వంతు. 20 మీటర్ల దూరంలో నిలబడితే 15 మీటర్లు. 25 మీటర్ల భవనానికి, కెమెరా కంటి ఎత్తున ఉంటే, దాదాపు 31 మీటర్లు వెనక్కి జరగాలి. జరిగే చోటు ఉంటే జరగండి. దాదాపు సగం పిక్సెళ్లు నేలకి పోతాయి కానీ మిగిలినవి సాగవు.

నిజంలా
నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. నిలువు గీతలన్నీ కొలబద్దతో గీసినట్టు నిటారుగా ఉన్న ఫొటో చూస్తే నాకు భవనం ముందుకి, నా మీదకి వాలుతున్నట్టు అనిపిస్తుంది. పైభాగం పెద్దదైపోయి బరువుగా ఉంటుంది. మనం కిందనుంచి పెద్ద భవనం చూసినప్పుడు అది పైకి సన్నబడుతూ కనిపించడం సహజం కదా, ఆ ఎత్తు అనుభూతి అంతా ఈ ఎడిటింగ్‌లో చంపేస్తున్నాం. అసలు పూర్తిగా సరిచేసిన ఫొటో నిజమా, చేయనిది నిజమా? నా వరకు స్లైడర్ చివరిదాకా లాగను, నిలువుగా ఉండాల్సినదానికి కాస్త ముందే ఆపేస్తాను. ఆ కొద్దిపాటి వాలు కంటికి తెలియదు, కానీ భవనం ఊపిరి తీసుకుంటుంది.

పాతలెన్సు
నిజంలా గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. ఆకాశహర్మ్యం కాళ్ల దగ్గర నిలబడి తల పూర్తిగా ఎత్తి తీసిన ఫొటోలో ఆ కలుసుకునే గీతలే అందం, దాన్ని నిటారు చేస్తే ఫొటో చచ్చిపోతుంది. కొంచెం ఎత్తి తీసినవి మాత్రం వేరు. అక్కడ వాలు అనుభూతిలా కనిపించదు, అజాగ్రత్తలా కనిపిస్తుంది. చూసేవాడికి తల ఎత్తినట్టు అనిపించేంత వాలు ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. మధ్యలో ఆగితే రెండూ కావు.

వెలుగునీడ గారి అవసరం కూడా చూడాలి. ఆయన అనుభూతి కోసం తీయడం లేదు, రేపు ఎవరో ఈ ఫొటో ముందు పెట్టుకుని కిటికీ వెడల్పెంత, పిట్టగోడ ఎత్తెంత అని చూస్తారు. అక్కడ కొంచెం వాలు ఉంచడం అంటే కొంచెం తప్పు కొలత ఇవ్వడమే. ఇందులో నేను రాజీ పడను.

నిజంలా
కొలతల పని అయితే ఒప్పుకున్నాను. కానీ పైభాగం బరువుగా ఉండడం నా భ్రమ కాదు. గుమ్మటం ఉన్న భవనాన్ని సరిచేసి చూడండి, గుమ్మటం నిజం కంటే పొడుగ్గా, కోసుగా తయారవుతుంది. గోడ కొలత సరిపోయినా అది తప్పే కదా?

లెక్కలదారి
మంచి ప్రశ్న, మీ కన్ను పట్టుకున్నది నిజమే. ఇది భ్రమ కాదు.

సరిచేయడం అంటే లెక్కలో కెమెరాను నిలబడ్డ చోటే ఉంచి కిందికి తిప్పడం. కెమెరా ఎత్తకుండా బాగా వైడ్ లెన్స్‌తో తీసి ఉంటే ఎలా వచ్చేదో అచ్చం అదే ఫొటో వస్తుంది, షిఫ్ట్ లెన్స్‌తో తీసినా అంతే. ఆ ఫొటోలో గోడ సెన్సర్‌కి సమాంతరం కాబట్టి గోడ మీది కిటికీ, గడియారం, రాత అన్నీ సరైన నిష్పత్తిలో పడతాయి. కానీ గుమ్మటం బల్లపరుపు కాదు, గుండ్రటి ఘనాకారం. ఫ్రేమ్ కేంద్రానికి దూరంగా పడిన ఏ గుండ్రటి వస్తువైనా బయటివైపుకి సాగుతుంది. 45 డిగ్రీల దూరంలో ఉంటే కేంద్రం నుంచి బయటికి పోయే దిశలో రెండు రెట్లు, దానికి అడ్డంగా 1.41 రెట్లు. అదే గుమ్మటం కోసుగా అయిపోవడం. గ్రూప్ ఫొటోల్లో అంచున నిలబడినవాళ్ల ముఖాలు వెడల్పవడానికి కూడా ఇదే కారణం. డీఎక్స్ఓ వ్యూపాయింట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ సాగుదలను తగ్గించే టూల్ విడిగా ఉంది, కానీ అది గుండ్రటివాటిని బాగుచేస్తే తిన్నని గీతలు వంగుతాయి. రెండూ ఒకేసారి దక్కవు.

మందు ఒక్కటే, వెనక్కి జరగడం. భవనం పైఅంచు కంటిమట్టం నుంచి 30 డిగ్రీల లోపే ఉండేంత దూరం వెళ్లగలిగితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. సరిచేశాక కూడా బాల్కనీల అడుగుభాగం, చూరు కింది దూలాలు కనిపిస్తూనే ఉంటాయి. నిలువు గీతలు నిటారయ్యాయి కదా, ఎదురుగా ఎగిరి తీసినట్టు ఎందుకు లేదు అని అడుగుతుంటారు. మీరు నిలబడ్డది నేలమీద, అక్కడినుంచి బాల్కనీ అడుగు కనిపిస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్ అయినా కెమెరాను తిప్పగలదు కానీ మీరు నిలబడ్డ చోటు మార్చలేదు. అలాగే గోడ నుంచి ముందుకి పొడుచుకొచ్చిన భాగాలను, లోపలికి ఉన్న వాటిని గోడ కొలతతో లెక్క కట్టకండి.

రంగులపళ్లెం
నేను భవనాలు తీయను, కానీ ఈ చర్చ నాకు కూడా అక్కరకొచ్చింది. గోడకి వేలాడుతున్న చిత్రాలను ఫొటో తీస్తుంటాను, అద్దం మీద నా ప్రతిబింబం పడకుండా పక్కకి జరిగి తీయాల్సి వస్తుంది, దాంతో చట్రం ఒక పక్క పెద్దగా ఒక పక్క చిన్నగా వస్తుంది. ఫొటోషాప్‌లో పర్‌స్పెక్టివ్ క్రాప్ వాడతాను, సీఎస్6 నుంచి ఉంది, నాలుగు మూలలూ నొక్కితే చాలు. ఒక్కోసారి వెడల్పు తేడాగా వస్తుంది, మరి దీనికి?

నాలుగుమూలలు
మీ పని అన్నిటికంటే సులువు, ఎందుకంటే చిత్రం నిజంగా బల్లపరుపు, పైగా చేతికి అందుతుంది. చిత్రం వెడల్పూ ఎత్తూ టేపుతో కొలిచి రాసుకోండి, పర్‌స్పెక్టివ్ క్రాప్ ఆప్షన్లలో వెడల్పు, ఎత్తు గళ్లలో ఆ నిష్పత్తి ఇచ్చేయండి, అది ఊహించే పని ఉండదు. కాగితాలకి కూడా ఇంతే, ఏ4 అయితే పొడవు వెడల్పుకి 1.414 రెట్లు అని ముందే తెలుసు, 210, 297 ఇస్తే సరి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఓపెన్‌సీవీ అనే కోడ్ లైబ్రరీలో నాలుగు జతల బిందువులిచ్చి చేసేదీ ఇదే, ఫలితం సైజు మనమే చెబుతాం.

మూలలు గుర్తించేటప్పుడు చట్రం బయటి అంచు కాకుండా చిత్రం అంచు పట్టుకోండి. చట్రం మందంగా ఉంటే అది వేరే తలంలో ఉంటుంది. 100 శాతానికి జూమ్ చేసి మూల పెట్టండి, దూరం నుంచి పెడితే మూలలో చిన్న తేడా చిత్రం మధ్యలో కూడా కనిపిస్తుంది.

గీతవెంట
లైట్‌రూమ్ వాడేవాళ్ల కోసం నా అనుభవం. గీతల వాలు సరిచేసే అప్‌రైట్ 2013లో లైట్‌రూమ్ 5తో వచ్చింది, ఆటో, లెవెల్, వర్టికల్, ఫుల్ అని. 2016లో గైడెడ్ కలిపారు, నేను అప్పటినుంచి దాన్ని తప్ప వేరేది ముట్టుకోను. మనమే ఫొటో మీద గీతలు గీస్తాం, కనీసం రెండు, ఎక్కువలో ఎక్కువ నాలుగు. ఏ గీతలు ఎంచుకుంటామన్నదే అంతా. పొడుగ్గా ఉన్నవి ఎంచుకోవాలి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవి, ఒకే భవనానివి. పక్కపక్కనే ఉన్న రెండు కిటికీల అంచులు తీసుకుంటే రెండు పిక్సెళ్ల తేడా కూడా ఫొటో అంచుకి వెళ్లేసరికి పెద్ద వాలు అవుతుంది. ఎడమ మూల ఒకటి, కుడి మూల ఒకటి, చాలు.

మూలమీంచి తీసి రెండు ముఖాలు కనిపిస్తున్న భవనానికి ఫుల్ వాడొద్దు. నిలువులు మాత్రమే సరిచేయండి. అడ్డ గీతలు దూరానికి పోతూ దగ్గరవడం అక్కడ ఉండాల్సిందే, దాన్ని కూడా చదును చేయబోతే ఒక గోడ బాగుపడి రెండోది రబ్బరులా సాగుతుంది.

ఆటో మీద నమ్మకం పెట్టుకోవద్దనడానికి ఇంకో కారణం, కొన్ని కట్టడాలు నిజంగానే నిటారుగా ఉండవు. కోట బురుజులు, పొగగొట్టాలు కట్టడమే పైకి సన్నగా కడతారు. పీసా గోపురం నేటికీ దాదాపు 4 డిగ్రీలు వాలి ఉంది, దాన్ని ఆటోకి అప్పగిస్తే గోపురం నిలబడి పక్కనున్న చర్చి వాలిపోవచ్చు. అలాంటి చోట నిటారుగా ఉందని మనకి తెలిసినదాని మీదే గీత గీయాలి. పాత భవనాల గోడలు కూడా ఒక్కోసారి బయటికి ఒరిగి ఉంటాయి, వెలుగునీడ గారూ, ఆ ఒరుగు కూడా మీ రికార్డులో ఉండాల్సిన వివరమే. తీసేటప్పుడు తాడుకి బరువు కట్టి ఫ్రేమ్‌లో ఒక పక్కన వేలాడదీస్తే నిలువు అంటే ఏమిటో ఫొటోలోనే ఉండిపోతుంది.

లెన్స్ ప్రొఫైల్ ముందు టిక్ పెట్టి ఆ తర్వాత అప్‌రైట్ చేయండి. తర్వాత పెడితే అప్‌డేట్ నొక్కి మళ్లీ లెక్క వేయించాలి.

వెలుగునీడ
ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు. డార్క్‌టేబుల్‌లో స్పెసిఫిక్ పెట్టి 24 ఇచ్చాను, రా ఫైలు మీద, క్రాప్ చేయకుండా. గడియారం మీద 1:1 సెలెక్షన్ పెట్టి చూస్తే అంచు అంచుకి సరిపోయింది, ఎక్కడా స్కేల్ చేయకుండానే! గింప్‌లో గుడ్డులా ఉన్న గడియారమే ఇది. బరువు కట్టిన తాడు వేలాడదీసే ఆలోచన కూడా చాలా నచ్చింది, ఈసారి నుంచి చేస్తాను, నా దగ్గర ఉన్న ఒక భవనం ఎడమ గోడ నిజంగానే ఒరిగి ఉందని ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఇంకా రెండు మిగిలాయి. పిట్టగోడ మీది నగిషీ మసకగానే ఉంది, లెక్కలదారి గారు చెప్పిన ఐదు పిక్సెళ్ల సంగతి కళ్లకి కడుతోంది. వీధి ఇరుకు, వెనక్కి జరిగే చోటు లేదు. రెండోది, సరిచేశాక కింద రెండు మూలల్లో ఖాళీ త్రికోణాలు వస్తున్నాయి, క్రాప్ చేస్తే భవనం మెట్లు పోతున్నాయి.

పాతలెన్సు
ఇరుకు వీధికి ఒకటే ఫ్రేమ్‌తో తీయాలని పట్టు పట్టకండి. 50 మి.మీ. లాంటి లెన్స్‌తో అదే చోట నిలబడి కిందనుంచి పైదాకా వరుసగా, ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా తీసి, హ్యుగిన్ అనే ఫొటోలు అతికే సాఫ్ట్‌వేర్‌లో కలపండి, అది ఉచితమే. కంట్రోల్ పాయింట్ల ట్యాబ్‌లో రెండు పక్కలా ఒకే ఫొటో తెరిచి గోడ అంచు మీద పైన ఒక బిందువు, కింద ఒక బిందువు పెట్టి అది నిలువు గీత అని చెప్పండి. ఎడమ అంచుకి ఒకటి, కుడి అంచుకి ఒకటి ఇచ్చి ప్రొజెక్షన్ రెక్టిలీనియర్‌లో (తిన్నని గీతలను తిన్నగానే ఉంచేది) పెడితే కలపడం, నిటారు చేయడం ఒకేసారి అయిపోతాయి. పైభాగానికి విడిగా ఫ్రేములు ఉంటాయి కాబట్టి సాగదీశాక కూడా నగిషీలో వివరం మిగులుతుంది. తీసేటప్పుడు ఎక్స్‌పోజర్, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టుకోండి. కెమెరా పట్టుకుని అటూఇటూ నడవకండి, నిలబడ్డ చోటునే తిప్పండి, లేకపోతే ముందున్న స్తంభాలకీ వెనక గోడకీ పొసగదు.

నాలుగుమూలలు
త్రికోణాల గురించి. పైభాగం వెడల్పు చేస్తే కిందిభాగం దానితో పోల్చితే ఇరుకవుతుంది, అందుకే ఖాళీ ఎప్పుడూ కింది మూలల్లోనే వస్తుంది. ఆకాశమో గడ్డో అయితే క్లోన్ చేసి నింపుకోవచ్చు, కానీ మీది రికార్డు పని, లేని మెట్టుని మీరు గీయకూడదు. ఖాళీని ఖాళీగానే తెల్లగా వదిలేయండి, చూసేవాళ్లకి ఇక్కడ ఫొటో లేదని తెలుస్తుంది. ఇకముందు తీసేవాటికి మాత్రం భవనానికి రెండు పక్కలా, ముఖ్యంగా అడుగున, ఫ్రేమ్ వెడల్పులో ఐదో వంతు చొప్పున అదనంగా వదిలి తీయండి.

తిప్పడం, నిటారు చేయడం, ఎత్తు సరిచేయడం వేర్వేరుగా మూడుసార్లు చేయొద్దు, చేసిన ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కగట్టి వేస్తారు, ప్రతిసారీ కాస్త మెత్తబడుతుంది. గింప్‌లోనే చేయాల్సి వస్తే యూనిఫైడ్ ట్రాన్స్‌ఫామ్‌లో మూడూ కలిపి ఒకేసారి చేసి, ఇంటర్‌పొలేషన్ (కొత్త పిక్సెళ్లు లెక్కగట్టే పద్ధతి) కనీసం క్యూబిక్‌లో పెట్టండి. పదును పెంచడం అన్నిటికంటే చివర.

గీతవెంట
వెలుగునీడ గారూ, ఒక చిన్న విన్నపం. సరిచేసిన ఫొటో పక్కనే అసలు రా ఫైలు కూడా దాచండి, ఏ లెన్స్, ఎంత దూరం నుంచి, కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఒక టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టండి. ఎగ్జిఫ్‌లో (కెమెరా ఫొటో ఫైలులోనే రాసే వివరాలు) ఫోకల్ లెంగ్త్ ఉంటుంది కానీ మీరు నిలబడ్డ దూరం నమ్మదగినట్టుగా ఉండదు. రేపు ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వస్తే ఆ ఫైలు మీద మళ్లీ చేసుకోవచ్చు.

వెలుగునీడ
తప్పకుండా. దూరం కొలవడానికి పొడవాటి టేపు తీసుకున్నాను. ఆదివారం ఉదయం వీధిలో జనం తక్కువ ఉన్నప్పుడు 50తో వరుస ఫ్రేములు తీసి హ్యుగిన్‌లో కలిపి, ముందుదీ తర్వాతదీ ఇక్కడే పెడతాను. నగిషీ ఎంత తేలిందో మీరే చూసి చెప్పండి.